తలయెత్తిన వాడ

చేసిన తప్పునకు సిగ్గుపడుట మనుష్యునకు సహజము. ఏ తప్పు చేయకయే, పుట్టిన నాటినుండి సిగ్గుతో తలవంచుకొని బ్రతుకవలసి వచ్చినవారి సంగతి వేరు. పందొమ్మిదవ శతాబ్దమున ఒంగోలు సీమలోని మాదిగవాడలలో ఆ సిగ్గు తండ్రినుండి బిడ్డకు సంక్రమించు ఆస్తి. ఊరికి చెప్పులు కుట్టినవాడు ఊరిబావిని తాకరాదు. జాతరలో డప్పు మ్రోగించినవాడు గుడి గడప త్రొక్కరాదు.

ఆ వాడలనుండి ముందుగా లేచినవారిలో యర్రగుంట్ల పేరయ్య ఒకడు. తోళ్ల వర్తకుడు, అప్పటికే రాజయోగ మార్గమున గురువుల నాశ్రయించిన సాధకుడు. మిషనరీలు వచ్చి అజ్ఞానిని మేల్కొలిపిరని చెప్పుట వాడుకయైనది గాని, పేరయ్య విషయమున అది సరికాదు. అతడు తానే వెదకుచు వచ్చినాడు. 1866లో భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొంది, తిరిగి తనవారి నడుమకే వెళ్లినాడు.

అదే సంవత్సరమున అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడినాడు. పట్టణములోని అగ్రవర్ణములవారు కొందరు ఆయన బోధయందు ఆసక్తి చూపుచుండిరి. ఇంతలో మాదిగలు రాసాగినారు. వీరిని చేర్చుకొన్నచో తాము రామని ఆ పెద్దలు తెగవేసి చెప్పినారు. క్లౌ సందిగ్ధమున పడినాడు. ఆ సమయమున ఆయనయు, ఆయన భార్యయు వేర్వేరు గదులలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే బైబిలు తెరువగా, ఇరువురికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగము కంటబడినదని ఆయన వ్రాసుకొన్నాడు. లోకము హీనులని త్రోసినవారినే దేవుడు ఏర్పరచుకొన్నాడను భావము గల మాటలవి. తలుపు మాదిగలకు తెరచినారు; పెద్దలు మరలి రాలేదు.

క్రొత్తగా చేరినవారికి క్లౌ విధించిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, విగ్రహములను పూజింపరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు. మూడవదానిని గూర్చి ఒక మాట చెప్పవలెను. ఆ మాంసము వారు రుచికి తిన్నది కాదు; ఊరు వారి చాకిరికి ఇచ్చిన కూలిలో అదియు ఒక భాగము. దానిని వదలుట యన్న ఆకలిని నెత్తిన వేసికొనుటయే. గ్రామదేవత కొలుపులకు డప్పు కొట్టమన్నవారి నోటికూడు ఊరిపెద్దలు పడగొట్టినారు. నీరు అందకుండ చేసినారు. అయినను ‘కొట్టము’ అనుట నేర్చినారు. ఆ వాడలలో ఆ మాట క్రొత్తది.

1876-78 నాటి మహాక్షామమున క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వకము గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించినాడు. గంజికొరకు మతము పుచ్చుకొన్నారను నింద రాకూడదని, సుమారు పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. సాయము ముగిసిన పిమ్మట జనము తిరిగి వచ్చినారు. ఇక ధనము లేదు, మరలిపొండని ఆయన చెప్పగా, బొబ్బలెక్కిన చేతులను సాక్ష్యముగా చెప్పి, తాము కూలికి రాలేదని వారన్నారట. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఆనాడు నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు దొరలు కారు, తెలుగు బోధకులే. ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు సాయంకాలమునకు ముగించినారు.

మరునాడు వారు వెళ్లిన వాడలు అవే. ఊరు వారిని వెనుకటి పేరుతోనే పిలిచినది. సంఘములోను కులాభిమానము పూర్తిగ చావలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డు కులముల జాబితాకు వెలుపల నుంచినది. లోపలి సిగ్గు పోయినది గాని, వెలుపలివారు సిగ్గుపడుట మొదలిడలేదు.

1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిన గుర్రం జాషువకు కవియైన పిమ్మటగూడ అంటరానితనపు అవమానములు తప్పలేదు. 1941లో ఆయన ‘గబ్బిలము’ వెలువరించినాడు. అందు నాయకుడు ఒక చర్మకారుడు. గుడిలోనికి తనకు ప్రవేశము లేదు గనుక, గుడిచూరున వ్రేలాడు గబ్బిలమును పిలిచి, కాశీలోని విశ్వనాథుని చెవిని తన ప్రశ్న వేసి రమ్మని పంపినాడు.