కుండీలో బ్రహ్మకమలం: మొదలు కుళ్ళకుండా, మొగ్గ రాలకుండా కాపాడుకునే పద్ధతులు

బ్రహ్మకమలం ఇష్టంగా పెంచుకునే ఇళ్ళు మన ప్రాంతంలో చాలానే ఉన్నాయి. కానీ రెండు మూడేళ్ళు పెంచినా మొగ్గ రాలేదనీ, వచ్చిన మొగ్గ రాలిపోయిందనీ, వానాకాలంలో మొక్క మొదలంటా కుళ్ళిపోయిందనీ చెప్పేవారు కూడా ఎక్కువే. ఈ మొక్క సహజంగా ఎలాంటి చోట పెరుగుతుందో తెలిస్తే ఈ మూడు సమస్యలకూ కారణం అర్థమవుతుంది. నెల్లిమర్ల వంటి తీర ప్రాంతపు వాతావరణంలో పాటించాల్సిన పద్ధతులు తెలుసుకుందాం.

అసలు ఇది ఏ మొక్క?

మనం బ్రహ్మకమలం అని పిలిచే ఈ మొక్క కాక్టస్ జాతికి చెందినది. దీని శాస్త్రీయ నామం ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. మెక్సికో, మధ్య అమెరికా అడవులు దీని స్వస్థలం. హిమాలయాల్లో మూడు వేల మీటర్లకు పైన పెరిగే అసలు బ్రహ్మకమలం వేరు. అది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మన ఎండలకు అది బతకదు. కాబట్టి ఎవరైనా హిమాలయాల మొక్క అని చెప్పి ఎక్కువ ధరకు అమ్మజూపితే కొనవద్దు. పక్కింటివారి మొక్క నుంచి ఒక ముక్క తెచ్చి నాటుకుంటే చాలు.

కాక్టస్ అనగానే ఎడారి మొక్క అనుకుని కొందరు మండుటెండలో పెడతారు. ఇది అడవిలో చెట్ల కొమ్మల మీద, ఆకుల నీడలో, కొమ్మల సందుల్లోని కుళ్ళిన ఆకుల్లో వేళ్ళూని పెరుగుతుంది. అందువల్ల దీనికి వడకట్టిన వెలుగు, గాలి ఆడే మట్టి, నిలవని తేమ కావాలి. మనం ఆకులు అనుకునేవి నిజానికి చదునైన కాండాలు. వాటి అంచుల్లోని నొక్కుల దగ్గరే మొగ్గ వస్తుంది.

కుండీ, మట్టి మిశ్రమం

అడుగున రంధ్రాలున్న 8 నుంచి 10 అంగుళాల మట్టి కుండీ మంచిది. ప్లాస్టిక్ కుండీలో తేమ త్వరగా ఆరదు. ఎర్రమట్టి, గరుకు ఇసుక, కొబ్బరి పొట్టు, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి, గుప్పెడు బొగ్గు ముక్కలు వేయాలి. పొలంలోని నల్లమట్టిని ఒక్కదాన్నే నింపితే నీరు నిలిచి వేర్లు కుళ్ళుతాయి. మొక్క చిన్నదిగా ఉండగానే పెద్ద కుండీకి మార్చకూడదు. వేర్లు కుండీని కొంచెం బిగుతుగా నింపినప్పుడే బాగా పూస్తుంది.

వెలుగు

తూర్పు వైపు వసారా అన్నిటికన్నా అనుకూలం. ఉదయం రెండు మూడు గంటల ఎండ తగిలితే చాలు. బొత్తిగా నీడలో ఉంటే కాండాలు సన్నగా, పొడవుగా సాగుతాయి కానీ పూయవు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండ పడితే కాండాలు పసుపు రంగుకు తిరిగి మాడతాయి. జనపనార మిల్లు ఊరైన నెల్లిమర్లలో గోనె పట్టాకు కరువు లేదు. పడమటి వైపు ఒక పట్టా వేలాడదీసి మధ్యాహ్నం నీళ్ళు చల్లితే ఎండ, వడగాలి రెండూ తగ్గుతాయి.

నీటి యాజమాన్యం

వేలిని అంగుళం లోతుకు దించి చూడాలి. మట్టి ఆరితేనే నీరు పోయాలి. వేసవిలో రెండు మూడు రోజులకు ఒకసారి, చలికాలంలో వారం పది రోజులకు ఒకసారి సరిపోతుంది. కుండీ కింద పళ్ళెం ఉంటే అందులో చేరిన నీటిని పారబోయాలి.

మన జిల్లాలో అసలు ప్రమాదం వానలతో వస్తుంది. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లు రెండూ అక్టోబరులోనే ఉత్తరాంధ్రను తాకాయి. ఎడతెరిపి లేని వానలో రెండు రోజులున్నా కుండీ చిత్తడిగా మారుతుంది. తుపాను హెచ్చరిక రాగానే కుండీని చూరు కిందికి చేర్చి నీరు ఆపేయాలి.

ఎరువులు

ఫిబ్రవరి నుంచి నెలకు ఒకసారి గుప్పెడు వర్మీకంపోస్టు వేయాలి. లేదా 19:19:19 ఎరువును లీటరు నీటికి 1 గ్రాము చొప్పున కలిపి పోయాలి. ఇంట్లో ఉంది కదా అని యూరియా వేయకూడదు. నత్రజని ఎక్కువైతే కాండాలే పెరుగుతాయి, పూత రాదు. చలికాలంలో ఎరువు అవసరం లేదు.

మొగ్గ రాలకుండా

మొగ్గ కనబడినప్పటి నుంచి పువ్వు విచ్చుకునే వరకు సుమారు మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈ రోజుల్లో కుండీ చోటు మార్చకూడదు, తిప్పకూడదు. మట్టిని పూర్తిగా ఎండనివ్వకూడదు. పూజ కోసం కుండీని ముందే ఇంట్లోకి తెస్తే మొగ్గ రాలిపోవచ్చు. కిందికి వేలాడే మొగ్గ పూసే ముందు కొక్కెంలా పైకి తిరిగి ఉబ్బుతుంది. ఆ సాయంత్రం జాగ్రత్తగా లోపలికి తెచ్చుకోవచ్చు. పువ్వు రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి వాడిపోతుంది.

చీడపీడలు, కుళ్ళు తెగులు

కాండాల సందుల్లో తెల్లని దూదిలా పిండినల్లి కనిపిస్తే సబ్బు నీటిలో ముంచిన గుడ్డతో తుడవాలి. తీవ్రంగా ఉంటే 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. నత్తలను రాత్రి వేళ చేత్తో ఏరివేయాలి.

మొదలు మెత్తబడి గోధుమ రంగుకు తిరిగితే అది కుళ్ళు. అప్పుడే మొదలైతే నీరు ఆపి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదలు దగ్గర ఒకసారి పోయాలి. ముదిరితే మొక్కను కాపాడలేం. పైనున్న గట్టి, పచ్చని కాండాలను కోసి కొత్తగా నాటుకోవాలి. పాత మట్టిని మళ్ళీ వాడకూడదు.

కొత్త మొక్కలు, ఆదాయం

ముదిరిన కాండాన్ని 6 అంగుళాల ముక్కలుగా కోసి, కోత ఆరడానికి ఐదారు రోజులు నీడలో ఉంచాలి. తర్వాత కింది కొసను అంగుళం లోతున, ఇసుక, కొబ్బరి పొట్టు కలిపిన మిశ్రమంలో నాటాలి. మూడు నాలుగు వారాల్లో వేర్లు వస్తాయి. పూతకు సాధారణంగా రెండు మూడేళ్ళు ఆగాలి.

పువ్వు తెల్లారేసరికి వాడిపోతుంది కాబట్టి పూల మార్కెట్‌కు పనికిరాదు. పొలంలో పంటగా వేసే ఆలోచన వద్దు. పెరట్లో నీడ ఉన్నవారు కొన్ని మొక్కలు పెంచి అమ్ముకుంటే కొద్దిపాటి అదనపు ఆదాయం ఉంటుంది. ముందు పది మొక్కలతో మొదలుపెట్టి, కొనేవారు ఉన్నారని తేలాకే పెంచాలి.

క్రిస్మస్ కాక్టస్ ఉన్నవారికి

ఇది బ్రెజిల్ కొండ అడవుల నుంచి వచ్చిన మొక్క. మట్టి, నీరు, నీడ విషయంలో పై పద్ధతులే వర్తిస్తాయి. అయితే మొగ్గ కట్టాలంటే దాదాపు ఆరు వారాల పాటు రోజూ 13 గంటల చీకటి, చల్లని రాత్రులు కావాలి. మన తీరంలో చలి ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి నవంబరు నుంచి రాత్రివేళ ట్యూబులైటు, వీధిదీపం వెలుగు పడని చల్లని చోట ఉంచాలి.