ప్రాణం పోతుందేమో అన్న భయం

ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంటుంది. ఊపిరి ఆడదు. చెమటలు పోస్తాయి. కాళ్ళూ చేతులూ వణుకుతాయి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. "ఇక నా ప్రాణం పోతుంది" అనిపిస్తుంది. కాసేపటికి అన్నీ సర్దుకుంటాయి. కొన్నాళ్ళకు మళ్ళీ వస్తుంది.

దీన్ని డాక్టర్లు పానిక్ అటాక్ అంటారు. అంటే ఒక్కసారిగా ముంచుకొచ్చే భయం. ఇది గాలి సోకటం కాదు. దిష్టి కాదు. నటన అసలే కాదు.

ఎందుకు వస్తుంది?

పాము ఎదురుపడితే ఏమవుతుంది? గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి వేగం పెరుగుతుంది. పరుగెత్తటానికి ఒళ్ళు సిద్ధమవుతుంది. పానిక్ అటాక్‌లో పాము ఉండదు. అయినా ఒళ్ళు అలాగే సిద్ధమవుతుంది. ఊపిరి మరీ వేగంగా తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. అందుకే తిమ్మిర్లు, కళ్ళు తిరగటం. అవి చూసి భయం ఇంకా పెరుగుతుంది. సాధారణంగా 10 నిమిషాల్లో అది బాగా ముదిరి, తర్వాత తగ్గిపోతుంది. ఆ భయం వల్ల ప్రాణం పోదు.

ముందు పరీక్ష చేయించుకోవాలి

గుండెజబ్బు వచ్చినా ఇలాగే ఉండవచ్చు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ జబ్బున్నా దడ వస్తుంది. అందుకే మొదటిసారి వస్తే తప్పక డాక్టరుకు చూపించాలి. ఛాతీలో నొప్పి వచ్చి చేతికి, దవడకు, వీపుకు పాకినా, స్పృహ తప్పినా ఆగకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అసలు నష్టం ఎక్కడ?

ఒకామెకు కలుపు తీస్తుండగా దడ వచ్చిందనుకోండి. మర్నాడు ఆమె చేనుకు పోదు. తర్వాత సంతకు పోదు. బస్సు ఎక్కదు. కూలి పోతుంది. "పని ఎగ్గొడుతోంది" అని ఇంట్లో మాటలు పడుతుంది. తప్పుకున్న కొద్దీ భయం ముదురుతుంది. అందుకే మళ్ళీ బయటికి పోవాలి. మొదట తోడుతో కాసేపు. తర్వాత ఒంటరిగా.

దడ వచ్చినప్పుడు ఏం చేయాలి?

1. ఉన్నచోటే కూర్చోవాలి. "ఇది భయం. వచ్చింది, పోతుంది" అనుకోవాలి.
2. 4 లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చాలి. 6 లెక్కపెడుతూ నోటితో మెల్లగా వదలాలి.
3. కళ్ళ ముందున్న వాటి పేర్లు చెప్పుకోవాలి. చెట్టు, బిందె, చేట.
4. పక్కవాళ్ళు చుట్టూ మూగకూడదు. "నేనిక్కడే ఉన్నా వదినా, మెల్లగా ఊపిరి తియ్యి" అంటే చాలు.

వైద్యం ఉంది

దీన్ని మాటలతోనూ, మందులతోనూ నయం చేస్తారు. మందు పనిచేయటానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టరును అడగకుండా మానకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022లో టెలి మానస్ అనే ఫోను సేవ పెట్టింది. నంబరు 14416. రాత్రయినా పగలైనా చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బు కట్టనక్కర లేదు. మనసుకు వైద్యం పొందటం ప్రతి ఒక్కరి హక్కని 2017 చట్టం చెబుతోంది.

మాట్లాడుకోండి: మీ వాడలో ఇలా భయపడి ఇల్లు కదలని వాళ్ళున్నారా? వాళ్ళకు ఎవరు తోడు వెళ్ళగలరు?