ముసలిదైన మీ జిమ్మీ ఇల్లు పాడుచేస్తోందా?

పన్నెండేళ్ళుగా గుమ్మం దాటితే గానీ కాలెత్తని మీ జిమ్మీ ఈమధ్య సోఫా పక్కనే తడి చేసేస్తోందా? తెల్లారి లేచి వంటింట్లోకి అడుగుపెడితే కాలికి చల్లగా తగులుతోందా? "ఇంక దీన్ని ఎక్కడైనా వదిలేసి రండి" అని అత్తగారి సణుగుడు. "గారాబం చేసింది నువ్వేగా!" అని శ్రీవారి దెప్పు. పిల్లలేమో ముక్కు మూసుకుని పక్క గదిలోకి పరుగు. చివరికి గుడ్డా బకెట్టూ పట్టుకునేది మాత్రం మీరే కదూ!

విసుగు రావడం సహజమే. కానీ ఇన్నేళ్ళూ శుభ్రంగా మసలిన కుక్క ఇప్పుడు ఇల్లు పాడుచేస్తోందంటే అది పొగరుతోనో, మీ మీద కసితోనో చేస్తున్న పని కాదు. చాలాసార్లు దాని వెనక ఏదో ఒక జబ్బు ఉంటుంది. వాటిలో కొన్ని మందులతో నయమయ్యేవే. మిగతావాటిని ఓపికగా సర్దుకోవచ్చు. అందుకే కొట్టడం, దాని మూతిని తడిలో పెట్టి రాయడం వంటివి చేయకండి. ఎందుకు కొట్టారో దానికి అర్థం కాదు. పైగా భయంతో చాటుమాటుగా మంచాల కింద చేయడం మొదలుపెడుతుంది.

ముందు నాలుగు రోజులు గమనించండి

పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీ దీనికి కేటాయించండి. ఎప్పుడు చేసింది, ఎక్కడ చేసింది, ఎంత చేసింది రాయండి. డాక్టరుగారికి మీరు చెప్పే వంద మాటలకన్నా ఈ పేజీ ఎక్కువ ఉపయోగపడుతుంది.

పడుకున్నచోటే పక్క తడుస్తూ, ఆ సంగతి దానికే తెలియకపోతే మూత్రసంచి కింది కండరం పట్టు తప్పిందన్నమాట. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడకుక్కల్లో ఇది మామూలే. దీనికి మంచి మందులున్నాయి.

మాటిమాటికీ కూర్చుని నాలుగు చుక్కలే పోస్తుంటే, ఎరుపు కనిపిస్తే, మూత్రంలో ఇన్ఫెక్షన్ గానీ రాళ్ళు గానీ ఉండొచ్చు. ముసలి మగకుక్కలకు ప్రోస్టేట్ గ్రంథి వాచినా ఇబ్బందే. ముక్కుతున్నా చుక్క కూడా రాకపోతే ఆ పూటే ఆస్పత్రికి పరుగెత్తాలి.

మడుగులు మడుగులుగా పోస్తూ, నీళ్ళు కూడా విపరీతంగా తాగుతుంటే మూత్రపిండాల జబ్బు, షుగరు, కుషింగ్స్ అనే హార్మోన్ల జబ్బు - ఇలాంటివేవైనా కావచ్చు. నీళ్ళు ఎక్కువో తక్కువో ఎలా తెలుస్తుందంటారా? పొద్దున్నే లీటరు సీసాతో కొలిచి దాని గిన్నెలో పోయండి. మర్నాటికి ఎంత తగ్గిందో చూడండి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ తాగుతున్నట్టే. అంటే పది కిలోల కుక్క లీటరుకు మించి తాగుతుంటే పరీక్షలు చేయించాల్సిందే. అంతేగానీ, ఎక్కువ పోస్తోంది కదా అని నీళ్ళగిన్నె తీసేయకండి. మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కకు నీళ్ళు ఆపడం ప్రాణం మీదికి తేవడమే.

ఆపరేషన్ చేయించని ఆడకుక్క, ఎదకు వచ్చిన కొన్ని వారాలకు డీలా పడి, తిండి మాని, నీళ్ళు మాత్రం తెగ తాగుతుంటే గర్భసంచిలో చీము పట్టిందేమోనని అనుమానించాలి. చీము బయటికి కారవచ్చు, కారకపోవచ్చు. ఇది రేపటికి వాయిదా వేసే జబ్బు కాదు.

ఇంక కీళ్ళనొప్పులు. బయటికి వెళ్ళాలని ఉన్నా మెట్లు దిగలేక గుమ్మం దగ్గరే చేసేస్తుంది. దొడ్డికి కూర్చుంటే వెనక కాళ్ళు నిలవక మధ్యలోనే లేచిపోతుంది.

మతిమరుపు మనుషులకేనా?

కాదు, కుక్కలకూ వస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో 11-12 ఏళ్ళ కుక్కల్లో 28 శాతానికి, 15-16 ఏళ్ళ వాటిలో 68 శాతానికి ఇలాంటి లక్షణాల్లో కనీసం ఒకటి కనిపించింది. పగలంతా నిద్రపోయి రాత్రుళ్ళు తిరగడం, గోడవైపు చూస్తూ నిలబడిపోవడం, బీరువా సందులో దూరి వెనక్కి రాలేకపోవడం, తలుపు తెరుచుకునేవైపు కాక బందులవైపు నిలబడి ఎదురుచూడడం - ఇవీ గుర్తులు. బయట తిప్పి తీసుకొచ్చిన రెండు నిమిషాలకే హాల్లో చేస్తుంది, ఎందుకు వెళ్ళిందో మరిచిపోయి! దీన్ని పూర్తిగా నయం చేయలేకపోయినా నిదానింపజేసే మందులు, ఆహారం ఉన్నాయి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు

పొద్దున్నే మొదటిసారి పోసే మూత్రాన్ని, ఇంక వంటకు వాడని పాత గరిటెతో పట్టి, శుభ్రమైన పొడిసీసాలో పోసి తీసుకెళ్ళండి. ఇప్పటికే వేస్తున్న మందులన్నీ చెప్పండి. దురదకు వాడే స్టెరాయిడ్ బిళ్ళల వల్ల కూడా మూత్రం ఎక్కువ అవుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో కూడా చికిత్స చేస్తారు.

ఒక్క ముఖ్యమైన హెచ్చరిక. నొప్పి అంటే మనం వేసుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, పారాసెటమాల్ బిళ్ళలను మీ అంతట మీరు కుక్కకు వేయకండి. కడుపులో పుండ్లు పడొచ్చు, కాలేయమో మూత్రపిండాలో చెడిపోవచ్చు. దానికి సరిపడే మందులు వేరే ఉన్నాయి.

ఇంట్లో చేయగలిగినవి

* నిద్ర లేవగానే, తిన్న వెంటనే, పడుకునే ముందు తప్పనిసరిగా బయటికి తీసుకెళ్ళండి. మధ్యలో మూడు నాలుగు గంటలకోసారి. తిండి రోజూ ఒకే వేళకు పెడితే దొడ్డికి వెళ్ళే వేళ కూడా కుదురుతుంది.

* నున్నటి టైల్స్ మీద ముసలి కాళ్ళు జారిపోతాయి. పక్క నుంచి గుమ్మం దాకా పాత గోనెపట్టాలో, రబ్బరు మ్యాట్లో పరవండి. రాత్రి చిన్న బెడ్‌లైటు వేసి ఉంచండి.

* మెట్లు దిగలేకపోతే పాత తువ్వాలును పొట్టకింద ఉయ్యాలలా వేసి వెనక భాగాన్ని లేపి పట్టుకోండి. అపార్టుమెంటులో ఉంటే బాల్కనీలో ఒక మూల ట్రేలో మట్టి పోసి అలవాటు చేయండి.

* కింద రెక్సిన్ షీటు, పైన పాత నేతచీరలు నాలుగు మడతలు వేస్తే ఉతకడానికి సులువైన పక్క తయారు. లేవలేని కుక్కకైతే అడుగున మందపాటి పరుపు వేసి, నాలుగు గంటలకోసారి పక్కకు తిప్పుతుండాలి. లేకపోతే ఒంటికి పుండ్లు పడతాయి.

* డైపరు వేస్తే (తోకకు కన్నం మరవకండి!) తడిసినప్పుడల్లా మార్చాలి. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, పొడిగా తుడవాలి. తడిసిన చర్మం మీద ఈగలు వాలితే పురుగులు పట్టేస్తాయి. పురుగులు కనిపిస్తే కిరసనాయిలు పోయకండి, డాక్టరుకు చూపించండి.

* పూజగది, వంటగది గుమ్మాలకు మోకాలెత్తు చెక్క అడ్డం పెడితే అత్తగారికీ నిశ్చింత, మీకూ నిశ్చింత.

వాసన పోవాలంటే

తడిని ముందు పాత గుడ్డతో అద్ది తీయండి, రుద్దకండి. తర్వాత పెంపుడు జంతువుల షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వేసి, సీసా మీద రాసినంతసేపు ఉంచి తుడవండి. మనకు వాసన పోయినట్టే ఉన్నా దాని ముక్కుకు తెలిస్తే మళ్ళీ అక్కడే చేస్తుంది. సిరామిక్ టైల్స్‌కైతే నీళ్ళు కలిపిన వెనిగర్ కూడా పనికొస్తుంది. కడప రాయి, తాండూరు బండ, పాలరాయి మీద మాత్రం వెనిగర్, నిమ్మరసం, యాసిడ్ వాడకండి. అవన్నీ సున్నపు జాతి రాళ్ళు, పులుపు తగిలితే మెరుపు పోయి మచ్చ పడుతుంది. మూత్రం మీద బ్లీచింగ్ పౌడరు చల్లితే ఘాటైన విషవాయువు వస్తుంది. ఫినాయిల్ తడి ఆరకముందే కుక్క తిరిగితే పాదాలు నాకి జబ్బుపడుతుంది.

శుభ్రం చేసేటప్పుడు చేతికి రబ్బరు తొడుగులు వేసుకోండి. కుక్క మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ మనకూ సోకవచ్చు. దానికి ఏటా టీకా వేయించడం మానకండి.

భారమంతా మీ ఒక్కరిదేనా?

కుక్కపిల్లను ముచ్చటపడి తెచ్చింది ఇంటిల్లిపాదీ. కాబట్టి పని కూడా పంచండి. రాత్రి పదింటి షికారు శ్రీవారిది, నీళ్ళ కొలత పిల్లలది, పక్క మార్చడం మీది అనుకోండి. వారానికొక పూట మీకు పూర్తిగా సెలవు ఉండాలి. ముసలి ప్రాణాన్ని సాకడమెలాగో పిల్లలు చూసి నేర్చుకునేది ఇక్కడే. ఎక్కడో వదిలేసి రావడం మాత్రం పరిష్కారం కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అది నేరం. వీధి తెలియని ముసలి కుక్క అక్కడ నాలుగు రోజులు కూడా బతకలేదు.

ఎంత చేసినా ఒక రోజు రావచ్చు. క్యాలెండరులో మంచిరోజుకు టిక్కు, కష్టపడ్డ రోజుకు సున్నా పెడుతూ రండి. తినడం, లేవడం, మిమ్మల్ని చూసి తోక ఊపడం - ఇవి మూడూ పోయి, సున్నాలే ఎక్కువైపోతుంటే డాక్టరుగారిని మొహమాటపడకుండా అడగండి. మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇచ్చి నొప్పి లేకుండా సాగనంపే పద్ధతి ఉంది. ఆ నిర్ణయం నేల తుడవలేక తీసుకునేది కాకూడదు, దాని బాధ చూడలేక తీసుకునేది కావాలి. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి, పిల్లలకు నిజం చెప్పండి. ఆ సమయంలో దాని తల మీ ఒళ్ళో ఉండేలా చూడండి. దాని చూపు మసకబారినా మీ చేతి స్పర్శ దానికి తెలుస్తుంది.

అంతవరకూ, రేపు పొద్దున్న హాల్లో తడి కనిపిస్తే కేకవేసే ముందు ఒక్కసారి దాని మొహం చూడండి. తర్వాత లీటరు సీసా తీసి, నీళ్ళ లెక్క మొదలుపెట్టండి.