ప్రోటాన్ కోసం ఇల్లు అమ్మాలా?



మా సంఘంలో ఒక సహోదరి ఉన్నారు. సినిమా షూటింగుల్లో కాస్ట్యూమ్స్ విభాగంలో పని. భర్త లేరు. ఫిలింనగర్ బస్తీలో 60 గజాల్లో రేకుల ఇల్లు, ఇంటర్ మధ్యలో మానేసి డెలివరీ పనికి వెళ్తున్న కొడుకు. ఆమెకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందని డాక్టర్లు చెప్పారు. 25 రోజులు రేడియేషన్, దానితోపాటు వారానికొక కీమో, చివర్లో శరీరం లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ కొన్నిసార్లు అని రాసిచ్చారు. ఇంతలో కొడుకు ఫోన్లో ఒక వీడియో చూశాడు. ప్రోటాన్ థెరపీ అని కొత్తది వచ్చిందట, సైడ్ ఎఫెక్టులే ఉండవట, చెన్నైలో చేస్తారట. ఇల్లు బేరానికి పెట్టాడు.

నేను అడ్డుపడలేదు. పైగా ఆదివారం ఆరాధనలో ప్రకటన చేసి, ప్రోటాన్ చికిత్స నిమిత్తం ప్రత్యేక కానుక పట్టించాను. డాక్టరును ఒక్క మాట కూడా అడగలేదు. అలా మూడు వారాలు గడిచిపోయాయి. మేము సంచిలో డబ్బు లెక్కపెడుతున్నంతసేపూ ఆ గడ్డ మాత్రం ఆగలేదు. సెమినరీలో నాకు గ్రీకు నేర్పారు, హెబ్రీ నేర్పారు, ఫిజిక్స్ నేర్పలేదు. అది సాకు కాదని తెలుసు. ఆలస్యంగానైనా డాక్టర్ల దగ్గర, రేడియేషన్ విభాగంలో పనిచేసే మన విశ్వాసి ఒకరి దగ్గర కూర్చొని నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మన ఊళ్లలో రేడియేషన్‌ను "కరెంటు పెట్టడం" అంటారు. ఆ మాట వినగానే షాక్ కొడుతుందేమోనని పెద్దవాళ్లు వణికిపోతారు. అది కరెంటు కాదు. లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం నుంచి చాలా శక్తిగల ఎక్స్‌రేలు వస్తాయి. ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నప్పుడు ఏమీ తెలియనట్టే, ఇక్కడా బల్ల మీద పడుకున్న మనిషికి ఏమీ తెలియదు. ఆ కిరణాలు క్యాన్సర్ కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీస్తాయి. పక్కనున్న మంచి కణాలకూ దెబ్బ తగులుతుంది. కానీ మంచి కణాలు మరుసటి రోజుకల్లా చాలావరకు బాగుచేసుకుంటాయి, క్యాన్సర్ కణాలకు ఆ నేర్పు తక్కువ. అందుకే మొత్తం మోతాదు ఒకేసారి ఇవ్వకుండా రోజుకు కొంచెం చొప్పున, సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఐదారు వారాలు ఇస్తారు. రోజూ తిప్పుకుంటున్నారని విసుక్కునేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

మన వీధుల్లో లైట్‌మెన్ చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్ల భాషలోనే చెబుతాను. లైటు ముందు రేకు తలుపులు బిగించి, వెలుగు హీరో ముఖం మీదే పడేలా, వెనక గోడ మీద పడకుండా కత్తిరిస్తారు గదా. రేడియేషన్ యంత్రంలోనూ టంగ్‌స్టన్‌తో చేసిన సన్నని పలకలు పదుల సంఖ్యలో ఉంటాయి. అవి కదులుతూ కిరణాన్ని గడ్డ ఆకారంలోకి కత్తిరిస్తాయి. ఐఎంఆర్‌టీ అనే పద్ధతి అదే. ఒక్క చిక్కు మాత్రం మిగిలిపోతుంది. తలుపులు వెలుగును పక్కలకు పోకుండా ఆపగలవు గానీ, ముందుకు పోయేదాన్ని ఆపలేవు. ఎక్స్‌రే గడ్డను దాటి, వెనకనున్న అవయవాల గుండా పోయి, అవతలి పక్క నుంచి బయటికి వస్తుంది.

ప్రోటాన్ అలా పోదు. అది హైడ్రోజన్ అణువు గుండెకాయ అనుకోండి, బరువున్న కణం. షూటింగులో నటుడు నడిచి వచ్చి నేల మీద టేపు అతికించిన మార్క్ దగ్గర ఆగినట్టు, ప్రోటాన్ తనకిచ్చిన వేగాన్ని బట్టి ఒక లోతు వరకు వెళ్లి ఆగిపోతుంది. ఆగబోయే ముందే తన శక్తిలో ఎక్కువ భాగం దింపేస్తుంది. వెనక దాదాపు ఏమీ ఉండదు. కణాలు ఇలా చివర్లో శక్తిని కుమ్మరించే గుణాన్ని విలియం హెన్రీ బ్రాగ్ 1904 ప్రాంతంలోనే గుర్తించాడు. దాన్ని వైద్యానికి వాడవచ్చని 1946లో రాసినవాడు రాబర్ట్ విల్సన్. ఈయన అంతకు ముందు అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో పనిచేసిన శాస్త్రవేత్త. బాంబు పని నుంచి బయటికి వచ్చాక ఇది రాశాడు. 1954లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మొదటి రోగులకు ఇచ్చారు. చాలా ఏళ్లు అది ఫిజిక్స్ ప్రయోగశాలల్లోనే ఉండిపోయింది. 1990లో లోమా లిండా దాన్ని ఆసుపత్రి ఆవరణలోకి తెచ్చింది. అది సెవెంత్ డే అడ్వెంటిస్టుల ఆసుపత్రి. దానికి యంత్రాన్ని తయారుచేసి ఇచ్చిన ఫెర్మీల్యాబ్‌కు మొదటి డైరెక్టరు ఆ విల్సనే.

మన దేశంలో మొదటిది చెన్నై తరమణిలోని అపోలో ప్రోటాన్ సెంటరు. 2019 జనవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ప్రారంభించారు. తర్వాత ప్రభుత్వ రంగంలో టాటా మెమోరియల్ వారు నవీ ముంబయి దగ్గర ఖార్ఘర్‌లో 2023లో మొదలుపెట్టారు. ఎందుకిన్ని తక్కువ అంటే, ప్రోటాన్‌ను వెలుతురు వేగంలో సుమారు 60 శాతం వేగానికి తేవాలి. అప్పుడే అది శరీరంలో 30 సెంటీమీటర్ల లోతు దాకా వెళ్లగలదు. అందుకు వాడే సైక్లోట్రాన్ ఒక్కటే 200 టన్నులకు పైగా ఉంటుంది. కిరణాన్ని రోగి చుట్టూ తిప్పే ఉక్కు చట్రం మూడంతస్తుల ఎత్తు. గోడలు మీటర్ల మందం. అందుకే బిల్లు లక్షల్లో, అదీ రెండంకెల లక్షల్లో ఉంటుంది.

మరి అది ఎవరికి కావాలి? అందరికంటే ముందు పిల్లలకు. మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు గడ్డ ఉన్న ఏడేళ్ల బాబుకు తలతో పాటు వెన్నెముక పొడవునా రేడియేషన్ ఇవ్వాల్సి ఉంటుంది. ఎక్స్‌రే అయితే వెన్నులో ప్రవేశించి, ముందున్న గుండె, థైరాయిడ్, పేగుల గుండా బయటికి పోతుంది. ఆ బిడ్డ ఇంకా 60 ఏళ్లు బతకాలి. ఆ గుండె అన్నేళ్లూ కొట్టుకోవాలి. ప్రోటాన్ వెన్ను దగ్గరే ఆగిపోతుంది. అలాగే పుర్రె అడుగు భాగంలో వచ్చే కార్డోమా వంటి గడ్డలకు, కంట్లో వచ్చే మెలనోమాకు, ఒకసారి రేడియేషన్ ఇచ్చిన చోటే మళ్లీ ఇవ్వాల్సి వచ్చిన కొందరికి దీనివల్ల నిజమైన మేలు ఉంది. తల, మెడ క్యాన్సర్లలో కొందరికి లాభమన్న ఆధారాలు వస్తున్నాయి, చర్చ ఇంకా నడుస్తోంది. ఇలాంటి బిడ్డ మీ సంఘంలో ఉంటే, డాక్టరే ప్రోటాన్ అన్నట్టయితే, కానుక పట్టండి, అడగడానికి సిగ్గుపడకండి.

ప్రోస్టేట్ క్యాన్సర్ సంగతి వేరు. అమెరికాలో సుమారు 450 మంది మగవారిని రెండు వర్గాలు చేసి, ఒకరికి ప్రోటాన్, మరొకరికి ఐఎంఆర్‌టీ ఇచ్చి చూశారు. 2024లో ఫలితాలు చెప్పారు. రోగం అదుపులోనూ, మూత్రం, విరేచనాల ఇబ్బందుల్లోనూ తేడా కనబడలేదు. అన్నిచోట్లా ఖరీదైనదే మెరుగైనది కాదన్నమాట. పైగా ప్రోటాన్ మార్క్ దగ్గర కచ్చితంగా ఆగడమే కొన్నిసార్లు దాని బలహీనత. ఊపిరితో గడ్డ కదిలినా, రోగి బరువు తగ్గినా, పేగుల్లో గాలి చేరినా మార్క్ జరిగిపోతుంది. అది ముందే ఆగవచ్చు, దాటిపోవచ్చు. ఎక్స్‌రే అటువంటి చిన్న తేడాలను కొంత ఓర్చుకుంటుంది.

ఇక మా సహోదరి విషయం. డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పింది ఇది: ఆమె జబ్బుకు అసలు బలం చివర్లో ఇచ్చే లోపలి రేడియేషన్‌లో ఉంది. బ్రాకీథెరపీ అంటారు. సన్నని గొట్టాలను గర్భాశయంలో అమర్చి, వాటిలోకి ఇరిడియం అనే రేడియోధార్మిక లోహపు చిన్న ముక్కను పంపి, కొన్ని నిమిషాలు ఉంచి వెనక్కి తీస్తారు. గడ్డను ఆనుకొని మోతాదు చాలా ఎక్కువ, కొంచెం దూరం పోతే బాగా తక్కువ. దాని బదులు ప్రోటాన్ పెడదామంటే కుదరదు. రెండో మాట ఇంకా గట్టిగా చెప్పారు. బయటి రేడియేషన్, లోపలి రేడియేషన్ రెండూ కలిపి ఎనిమిది వారాల్లో ముగియాలి. మధ్యలో గ్యాప్ ఇస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ వేగంగా పెరుగుతాయి, అప్పటిదాకా ఇచ్చిన మోతాదు విలువ తగ్గిపోతుంది. అంటే ఆమెకు కావలసింది కొత్త యంత్రం కాదు, ఒక్క రోజూ తప్పకుండా ఆసుపత్రికి చేరడం.

ఆ రోజే కొడుకు ఇల్లు బేరం ఆపాడు. సోమవారం చికిత్స మొదలైంది.

పదహారో రోజుకు ఆమె మానేస్తానన్నారు. కింది పొట్టకు రేడియేషన్ ఇస్తే విరేచనాలు, మూత్రంలో మంట, నీరసం రావడం మామూలే. అప్పటికి మందులున్నాయి, అడగాలి. అడగకుండా ఇంట్లో కూర్చోకూడదు. జుట్టు మాత్రం రేడియేషన్ ఇచ్చిన చోటే రాలుతుంది. పొట్టకు ఇస్తే తల జుట్టు పోదు. నోటికి, గొంతుకు ఇచ్చేవారికి పుండ్లు పడతాయి, లాలాజలం తగ్గుతుంది. అందుకే ముందే పళ్ల డాక్టరుకు చూపించుకోవాలి.

మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పవలసిన రెండు మూడు సంగతులున్నాయి. తల, మెడ రోగులకు ముఖం మీద జల్లెడలాంటి మాస్క్ ఒకటి అచ్చు తీసి, రోజూ దాంతోనే బల్లకు బిగిస్తారు. బరువు తగ్గితే మాస్క్ వదులవుతుంది, గురి తప్పుతుంది. కనుక చికిత్స నడుస్తున్న రోజుల్లో ఉపవాస ప్రార్థన రోగి చేయవద్దు. మిగతావాళ్లం చేద్దాం. చర్మం మీద పెట్టిన గుర్తులు చెరపవద్దు. ఆ చోట పసుపు, కొబ్బరినూనె, ప్రార్థించి ఇచ్చిన నూనె, ఏదీ డాక్టరు చెప్పకుండా రాయవద్దు. యాకోబు పత్రికను బట్టి నూనె రాసి ప్రార్థించే కాపరులకు మనవి: నుదుటి మీద రాయండి, చికిత్స నుదుటికైతే చేతి మీద రాయండి. హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించినప్పుడు కూడా యెషయా పుండు మీద అంజూరపు ముద్ద వేయించాడు. ఆ ముద్ద వేయించినందుకు ఆయన విశ్వాసాన్ని ఎవరూ శంకించలేదు. స్వస్థత కూటంలో "నువ్వు బాగయ్యావు, ఇక ఆసుపత్రికి పోవద్దు" అని మైకులో చెప్పేవారి గురించి నేను మర్యాదగా రాయలేను కాబట్టి ఇంతటితో ఆపుతాను.

మరొక బాధ. ఆమె ఆసుపత్రి నుంచి వస్తుంటే పక్కింటివాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కున్నారట. బయటి నుంచి యంత్రంతో రేడియేషన్ తీసుకున్నవారి ఒంట్లో ఏ కిరణాలూ మిగిలిపోవు. లైటు ఆపితే గదిలో వెలుగు మిగలనట్టే. ప్రోటాన్ తీసుకున్నా ఇంటికొచ్చాక చుట్టుపక్కలవారికి ప్రమాదం లేదు. థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ మందు తాగినవారు మాత్రం డాక్టరు చెప్పినన్ని రోజులు దూరంగా ఉండాలి. అది వేరే వైద్యం.

జబ్బు దాచుకోవడం మా ఏరియాలో ఎక్కువ. ఆమె కూడా రక్తస్రావాన్ని నెలల తరబడి దాచారు. క్యాన్సర్ అని తెలిస్తే కాల్ రాదని భయం. లైట్‌మ్యాన్‌కైనా, జూనియర్ ఆర్టిస్టుకైనా అదే భయం. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు గారు విలేకరులను పిలిచి, తనకు క్యాన్సర్ వచ్చిందని తానే చెప్పారు. తొంభయ్యవ పడిలో ఉన్న మనిషి. మరుసటి జనవరి 22న కన్నుమూశారు. ఈలోగా "మనం" సినిమాలో తన పాత్రకు తానే డబ్బింగ్ చెప్పి వెళ్లారు. ఆయనకున్న స్థోమత మన వాళ్లకు లేదు, నిజమే. చెప్పుకునే ధైర్యానికి మాత్రం స్థోమత అక్కర్లేదు.

మామూలు రేడియేషన్ మనకు దూరంలో లేదు. రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జే ఉంది. భార్య క్యాన్సర్‌తో పోయాక ఎన్టీఆర్ గారు తలపెట్టిన బసవతారకం ఆసుపత్రి 2000 జూన్‌లో బంజారాహిల్స్‌లో తెరుచుకుంది. రాయవేలూరు సీఎంసీ మన తాతల కాలం నుంచీ తెలిసినదే. ఆరోగ్యశ్రీలో రేడియేషన్ చికిత్స ఉంది. తెలంగాణలో ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ప్రోటాన్ గురించి ఎవరైనా చెబితే, ఇల్లు అమ్మకముందు డాక్టరును అడగండి: నా జబ్బుకు, నా దశకు ఇది ఐఎంఆర్‌టీ కంటే ఎంత మేలు? దేనికోసం, గడ్డ తగ్గడానికా, పక్క అవయవాల రక్షణకా? అక్కడ అవకాశం దొరికేదాకా ఆగితే నష్టమెంత? ఇక్కడి ట్యూమర్ బోర్డులో నా కేసు పెట్టారా?

మా సహోదరి ఎనిమిదో వారంలోపే ముగించారు. మూడు నెలలకొకసారి చెకప్‌కు వెళ్తున్నారు. పట్టిన కానుక ఆటోలకు, కొడుకు మానుకున్న పని రోజుల కూలికి, పెరుగన్నానికి ఖర్చయింది. ఇచ్చినవారి ముందు ఆ లెక్క చదివి, ఉద్దేశం మార్చినందుకు క్షమాపణ అడిగాను. కొంత మిగిలింది. వచ్చే సోమవారం నుంచి మరో సహోదరుడికి, నోటి క్యాన్సర్, 33 సిట్టింగులు మొదలవుతున్నాయి. ఉదయం ఏడున్నరకు ఫిలింనగర్ నుంచి రెడ్‌హిల్స్‌కు తీసుకెళ్లేవారు మంగళ, గురువారాలకు ఇంకా దొరకలేదు. బండి ఉన్నవారు ఆదివారం ఆరాధన తర్వాత నన్ను కలవండి.