గొడ్లకు బలం, మనకు తెలుపు

విస్తట్లో అన్నం మల్లెపూవులా ఉండాలని మనకు ఎంత మోజు! ఇంటికి వచ్చిన చుట్టాలకు కాస్త ఎర్రని అన్నం వడ్డించాలంటే ఏమనుకుంటారో అని జంకుతాము. ఆ తెలుపు కోసం మరలో గింజమీది పొరను గీకివేసి, ఆ తవుడును గేదెకు పెడతాము. గేదె బలంగానే ఉంటుంది. మన సంగతే కాస్త ఆలోచించవలసి ఉన్నది.

ఈ ఆలోచన జావాలో ఒక కోళ్ళదొడ్డిలో పుట్టింది. 1890 ప్రాంతంలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు అక్కడ బెరిబెరి వ్యాధికి కారణం వెతుకుతున్నాడు. ఆ జబ్బు వస్తే కాళ్ళు చచ్చుబడతాయి, గుండె నీరసిస్తుంది. ఇంతలో ఆయన పెంచే కోళ్ళకూ కాళ్ళు పడిపోయాయి. కొన్నాళ్ళకు వాటంతట అవే లేచి తిరిగాయి. ఆరా తీస్తే తేలిందేమిటి? కొంతకాలం వాటికి సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం పెట్టారు. కొత్తగా వచ్చిన వంటవాడు అది కోళ్ళకు వేయడానికి వీల్లేదన్నాడు. మళ్ళీ ముతక బియ్యమే గతి అయింది, జబ్బు కుదిరింది. ఒక వంటవాడి చాదస్తం వైద్యశాస్త్రానికి ఎంత మేలు చేసిందో చూడండి! తవుడులోని ఆ మందు బి1 విటమిన్ అని తరవాత తేలింది. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

జావా కథ మనకెందుకు అంటారేమో. మన కోస్తా జిల్లాల్లోనూ ఒకప్పుడు బెరిబెరి పాతుకొని ఉండేది. మనవారు తినేది మరపట్టిన పచ్చిబియ్యం. ఉప్పుడు బియ్యం తినేవారికి ఆ బెడద చాలా తక్కువ. వడ్లు నానబెట్టి ఉడికించేటప్పుడు పొరలోని విటమిన్ గింజలోపలికి దిగుతుంది. ఈ జబ్బు విచారణకే 1918లో కూనూరులో ఒకే గదిలో ఒక పరిశోధనశాల వెలిసింది. అదే 1958లో హైదరాబాదుకు తరలి, తరవాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. 2017లో ఆ సంస్థ ప్రకటించిన లెక్క చూసి నేను ఆశ్చర్యపోయాను. 100 గ్రాముల ముడిబియ్యంలో బి1 0.27 మిల్లీగ్రాములు, ఉప్పుడు బియ్యంలో 0.17, మరపట్టిన పచ్చిబియ్యంలో 0.05 మాత్రమే!

ఈనాడు బెరిబెరి అరుదు. ఇప్పటి బెంగ మధుమేహం. 2014లో ప్రకటించిన ఒక చెన్నై పరిశోధనలో, బరువెక్కువగా ఉన్న కొద్దిమందికి అయిదేసి రోజులు రెండు రకాల అన్నమూ పెట్టి చూశారు. ముడిబియ్యం తిన్న రోజుల్లో రక్తంలో చక్కెర పెరుగుదల సుమారు 20 శాతం తగ్గింది. అలాగని అది మందు కాదు, అదీ అన్నమే. రెండు గిన్నెలు లాగిస్తే ఫలితమేముంది?

మరి మరవాళ్ళు పొర ఎందుకు తీస్తారు? తెలుపు కోసమే కాదు. తవుడులో నూనె ఉన్నది. అది త్వరలో కనరెక్కుతుంది, పురుగూ పడుతుంది. అందుచేత ముడిబియ్యం నెలకు సరిపడా మాత్రమే కొనండి. వాసన చూసి తీసుకోండి. గంటసేపు నానవేసి, నీళ్ళు కాస్త ఎక్కువ పోసి వండండి. ఏ బియ్యమైనా నాలుగైదుసార్లు కడగడం, గంజి పారబోయడం మానండి. బి1 నీటితోపాటే పోతుంది.

పిల్లలు ఒకేసారి ఒప్పుకోరు. మా ఇంట్లో మూడు పాళ్ళు తెల్లబియ్యానికి ఒక పాలు ముడిబియ్యంతో మొదలుపెట్టి, ఇప్పుడు సగంసగానికి వచ్చాము. కొట్టువాణ్ణి ఇకమీదట “తెల్లగా ఉన్నాయా?” అని కాదు, “ఎంత పాలిష్ పట్టారు?” అని అడిగి చూడండి.