ఫ్యాన్ బెల్ట్ కీచుమంటోందా? కాసిన్ని నీళ్లతో తెలిసిపోతుంది

ఘట్‌కేసర్: పొద్దున్నే కారు స్టార్ట్ చేయగానే బానెట్ కింద కీచుమని శబ్దం వస్తే, చాలాసార్లు అది ఫ్యాన్ బెల్టే. తేలిగ్గా తీసుకోవద్దు. బెల్ట్ తెగితే బ్యాటరీ చార్జ్ కాదు. చాలా కార్లలో వాటర్ పంప్‌ను తిప్పేది కూడా ఇదే. ఉప్పల్ దాటి వరంగల్ హైవే మీద తెగిందంటే కొన్ని నిమిషాల్లోనే ఇంజిన్ వేడెక్కిపోతుంది.

ఇంజిన్ నడుస్తుండగా, స్ప్రే బాటిల్‌తో కాస్త దూరం నుంచి బెల్ట్ లోపలి గాడుల వైపు నీళ్లు కొట్టాలి. చేతులు, చున్నీ దగ్గరికి పోనివ్వొద్దు. శబ్దం పెరిగితే బెల్ట్ వదులైంది లేదా అరిగింది. కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేనట్టు. ఏ మార్పూ లేకుండా గరగరమంటే బేరింగ్ చూపించాలి.

ఆయిల్ లేదా కూలెంట్ కారి బెల్ట్ తడుస్తుంటే ముందు ఆ లీకు ఆపించాలి. లేదంటే కొత్త బెల్ట్ వేసినా అదే గోల. సబ్బు రాసి శబ్దం ఆపడమంటే రోగాన్ని దాచుకోవడమే.