ఆటనుండి పుట్టిన నవల

నవలను జూచి ఆటను కల్పించుట కలదు. ఆటను జూచి నవల వ్రాయుటయు కలదు. రెండవదానికి ‘స్ప్లింటర్ సెల్’ మంచి నిదర్శనము. 2002వ సంవత్సరమున యూబీసాఫ్ట్ సంస్థ ఈ పేరుతో నొక వీడియో గేమును వెలువరించెను. అందు శామ్ ఫిషర్ అను అమెరికా గూఢచారి నాయకుడు. చీకటియే వాని కవచము. దీపముల నార్పి, నీడలలో నొదిగి, శత్రువుల కంటబడక సాగవలెను.

2004లో ఈ నాయకునితోనే నవల వచ్చెను. అట్టపై టామ్ క్లాన్సీ పేరు ప్రముఖముగా నుండును. కాని వ్రాసినవా డతడు కాడు. రచయితగా చూపబడిన డేవిడ్ మైకేల్స్ అనునది మారుపేరు. నిజముగా వ్రాసినవాడు, పూర్వము జేమ్స్ బాండ్ నవలలు వ్రాసిన రేమండ్ బెన్సన్. 2005లో రెండవ నవలయు నతడే వ్రాసెను. పిమ్మట నితరులు అదే మారుపేరుతో వ్రాసిరి. క్లాన్సీ స్వయముగా వ్రాసిన ‘రెయిన్‌బో సిక్స్’ నవలయు, ఆ పేరి ఆటయు 1998లోనే వెలువడినవి గనుక, పుస్తకము కొను బాలుడు ఇదియు నట్టిదే యని భ్రమపడుట సహజము. శ్రమ యొకనిది, పేరు వేరొకనిది. ఇది నాకు న్యాయముగా తోపదు.

ఇక రచనలోని చిక్కు. ఆటలో శామ్ చచ్చినను మీట నొక్కగానే మరల లేచును. నవలలో అట్టి సౌకర్యము లేదు, అపాయము నమ్మదగినదై యుండవలెను. ఆటలో నాయకుని బుద్ధి ఆడువానిదే. నవలలో ఆ మనస్సును రచయితయే నింపవలెను. అందుచేత కాబోలు, బెన్సన్ శామ్ చేతనే ‘నేను’ అని కథ చెప్పించెను. కుమార్తె సారాను గూర్చిన తండ్రి బెంగ ఆ మాటలలో బాగుగా పలికినది. ఆయుధముల వర్ణన వచ్చినచోట మాత్రము నేను పుటలు త్వరగా త్రిప్పితిని.